రేడియేటర్ నెత్తి మీంచి డ్యాష్‌బోర్డ్ దాకా

బెజవాడ ఎండ పాత కారు ఇంజన్‌ని ఎంత ఇబ్బంది పెడుతుందో ఒక చిన్న తీసివేతలో తేలిపోతుంది. రేడియేటర్‌లో నీళ్లు 95 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. బయట గాలి 25 డిగ్రీలుంటే రెంటికీ తేడా 70. అదే రోహిణి కార్తె మధ్యాహ్నం బయట 45 ఉంటే తేడా 50కి పడిపోతుంది. రేడియేటర్ ఎంత వేడిని గాలికి వదలగలదన్నది దాదాపుగా ఈ తేడా మీదే నడుస్తుంది. అదే కారు, అదే బందరు రోడ్డు, అదే వేగం. అయినా సంక్రాంతి రోజుల్లో పొద్దున పూట చేసిన పనిలో ఏడు పాళ్లకు ఐదు పాళ్లే రేడియేటర్ ఇప్పుడు చేయగలుగుతుంది.

కొత్త కార్లలో ఈ లోటు పూడ్చడానికి కంప్యూటర్ చెప్పగానే తిరిగే ఎలక్ట్రిక్ ఫ్యాన్లున్నాయి. 1960ల నాటి అంబాసిడర్‌కి, ఫియట్‌కి, విల్లీస్ జీపుకి ఉన్నది ఇంజన్‌తో బెల్టు మీద తిరిగే ఫ్యాన్ ఒక్కటే. ఇంజన్ నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర బండి ఆగి ఉన్నప్పుడు ఎదురుగాలి ఉండదు, ఫ్యానూ జోరుగా తిరగదు. గాలి బాగా అవసరమైన నిమిషంలోనే గాలి తక్కువ. అలాంటి నిమిషంలో బొనెట్ కింద ఏం జరుగుతోందో డ్రైవరుకి చెప్పేది డ్యాష్‌బోర్డ్ మీది ఒక చిన్న ముల్లు. ఆ ముల్లు అక్కడికి చేరడానికి చాలా దూరమే ప్రయాణించింది.

మొదటి తరం కార్లలో అసలు అది లేదు. 1908 నుంచి 1927 వరకు కోటిన్నర దాకా తయారైన ఫోర్డ్ మోడల్-టిని కంపెనీ టెంపరేచర్ మీటర్ లేకుండానే అమ్మింది. మొదట్లో వచ్చిన కొన్ని వేల బండ్లను మినహాయిస్తే నీటి పంపు కూడా లేదు. వేడెక్కిన నీరు తేలికై పైకి పోయి, రేడియేటర్‌లో చల్లబడి బరువెక్కి కిందికి దిగేది. ఆ కదలికే ఇంజన్‌ని చల్లబరిచేది. నీళ్లు తగ్గి పై పైపు మట్టానికి కిందికి దిగితే ఆ తిరుగుడు ఆగిపోయేది. ఆ సంగతి డ్రైవరుకి తెలిసేది ముందు నుంచి ఆవిరి లేచినప్పుడే.

ఈ ఇబ్బందికి 1912 ప్రాంతంలో అమెరికాలో హారిసన్ బాయ్స్ అనే ఆయన సులువైన ఉపాయం కనిపెట్టాడు. రేడియేటర్ మూతకే థర్మామీటర్ బిగించాడు. కారు ముక్కు మీద నిలబడి ఉండే గుండ్రటి గాజు బిళ్ల, అందులో ఎర్రటి ద్రవం. డ్రైవరు తన సీట్లోంచే అద్దంలోంచి చూసి ద్రవం ఎంత దాకా లేచిందో చెప్పగలిగేవాడు. బాయ్స్ మోటోమీటర్ పేరుతో అది 1910లు, 20లలో విపరీతంగా అమ్ముడుపోయింది. కార్ల కంపెనీలు తమ గుర్తులు వేయించుకుని మరీ తెచ్చుకున్నాయి. రెక్కలు, బొమ్మలు తగిలించి దాన్ని బండికి నగలా మార్చినవాళ్లూ ఉన్నారు.

అయితే ఆ థర్మామీటర్ నీటిలో మునగదు. నీటి పైన ఖాళీలో వేలాడుతూ అక్కడి ఆవిరి వేడిని చెబుతుంది. ఏ థర్మామీటరైనా చెప్పేది తన వేడినే. తను ఎక్కడ కూర్చుందో అక్కడి సంగతే దానికి తెలుస్తుంది. ఇంజన్ వేడిమాపకం చరిత్ర అంతా ఒక రకంగా ఈ కూర్చునే చోటు కోసం జరిగిన వెతుకులాటే. 1920ల చివరికొచ్చేసరికి రేడియేటర్ మూత బొనెట్ కిందికి వెళ్లిపోవడం మొదలైంది. మూత మీది మీటర్‌కి చోటు పోయింది. వేడిని ఇంజన్ దగ్గర పట్టుకుని, మీటరున్నర దూరంలో ఉన్న డ్యాష్‌బోర్డ్ మీద చూపించే మార్గం కావలసి వచ్చింది.

దానికి కావలసిన సగం పరికరం అప్పటికే ఆవిరి యంత్రాల మీద ఉంది. 1849లో ఫ్రాన్స్‌లో యూజీన్ బూర్డాన్ ఒక పీడనమాపకానికి పేటెంట్ తీసుకున్నాడు. చుట్టలుగా చుట్టిన ఒక గొట్టం పనిలో నొక్కుకుపోతే, దాన్ని సరిచేయడానికి లోపలికి ఒత్తిడితో నీళ్లు ఎక్కించారని, అప్పుడా చుట్ట దానంతటదే విప్పుకోవడం బూర్డాన్ గమనించాడని చెబుతారు. అసలు సూత్రం అదే. పలకగా ఒత్తిన లోహపు గొట్టాన్ని సున్నాలా వంచి ఒక కొస మూసేస్తే, లోపల ఒత్తిడి పెరిగినప్పుడు అది నిటారు కావాలని చూస్తుంది. ఆ కొసకి చిన్న పళ్లచక్రం, ముల్లు తగిలిస్తే ఒత్తిడి అంకెగా మారుతుంది. కృష్ణ మీద 1893లో రైలు వంతెన తయారైన తర్వాత బెజవాడ మీదుగా పోయిన ఆవిరి ఇంజన్ల క్యాబుల్లో డ్రైవర్లు చూసుకున్నది ఈ రకం మీటర్లనే. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ లాంటి చోట బాయిలర్ మీద ఉండేదీ ఇదే. డెల్టాకి బూర్డాన్ గొట్టం కారు కంటే ముందే పరిచయం.

మిగిలిన సగం, వేడిని ఒత్తిడిగా మార్చడం. ఆ పని ఈథర్ చేసింది.

ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. ఒక రాగి బుడ్డిలో కొద్దిగా ఈథర్ పోసి, దానికి వెంట్రుకంత సన్నటి రంధ్రమున్న పొడవాటి రాగి గొట్టం అతికి, ఆ గొట్టం రెండో కొసని డ్యాష్‌బోర్డ్‌లోని బూర్డాన్ గొట్టానికి కలిపి గాలి చొరకుండా మూసేస్తారు. బుడ్డి ఇంజన్ నీటిలో మునిగి ఉంటుంది. నీరు వేడెక్కేకొద్దీ లోపల ఈథర్ ఆవిరి ఒత్తిడి పెరిగి ముల్లుని తోస్తుంది. 100 డిగ్రీల దగ్గర ఆ ఒత్తిడి మామూలు వాతావరణ పీడనానికి ఆరు రెట్లు దాటుతుంది. కరెంటు, బ్యాటరీ, వైర్లు ఏవీ అక్కర్లేదు.

ఇందులో రెండు సుగుణాలున్నాయి. ద్రవం, ఆవిరి కలిసి ఉన్న చోట ఒత్తిడిని నిర్ణయించేది ద్రవం ఉపరితలం వేడి మాత్రమే. ఆ ఉపరితలం బుడ్డిలో ఉంటుంది కాబట్టి, దారిలో గొట్టం ఇంజన్ పక్కగా పోయి కాస్త వేడెక్కినా అంకె మారదు. రెండోది డయల్ మీదే కనిపిస్తుంది. ఈథర్ ఒత్తిడి మొదట నెమ్మదిగా, పైకి పోయేకొద్దీ ఏటవాలుగా పెరుగుతుంది. అందుకే పాత స్మిత్స్ మీటర్లలో కింది అంకెలు ఇరుకుగా, పై అంకెలు విశాలంగా ఉంటాయి. 40కీ 50కీ తేడా తెలియకపోయినా నష్టం లేదు. 90కీ 100కీ మధ్య మాత్రం ప్రతి గీతా స్పష్టంగా కనబడాలి. రసాయనం దానంతటదే ఆ ఏర్పాటు చేసి పెట్టింది.

స్మిత్స్ అంటే 1851లో లండన్‌లో గడియారాల దుకాణంగా మొదలైన ఎస్. స్మిత్ అండ్ సన్స్. బ్రిటిష్ కార్లలో సగటు డ్యాష్‌బోర్డ్ ఆ కంపెనీ పేరుతోనే నిండి ఉండేది. అమెరికా వైపు చూస్తే, రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపులో స్పీడు, పెట్రోలు, ఆయిల్ ప్రెషర్, కరెంటు మీటర్ల సరసన టెంపరేచర్ మీటర్ మొదటి నుంచీ ఉంది. యుద్ధంలో బండి దారిలో ఆగిపోకూడదు. 1947 తర్వాత మహీంద్రా కంపెనీ మన దేశంలో జీపుల బిగింపు మొదలుపెట్టడంతో డెల్టా కాల్వగట్ల మీదికీ ఆ అయిదు డయళ్లూ వచ్చాయి.

ఈథర్ మీటర్‌కి ఒకటే శత్రువు, గొట్టం తెగడం. బెజవాడ వేసవిలో గాలి వేడే ఈథర్ మరిగే స్థాయికి పైన ఉంటుంది. గొట్టంలో పగులు వస్తే చుక్క మిగలకుండా ఎగిరిపోతుంది, ముల్లు సున్నా దగ్గర పడుకుంటుంది. విదేశాల్లో పాత కార్లను పునరుద్ధరించే వాళ్లు దీనికో చిట్కా వాడతారు. చవకరకం కొత్త మీటరొకటి కొని, దాని బుడ్డిని ఉప్పు కలిపిన ఐసులో ముంచి ఉంచుతారు. చల్లదనానికి ఈథరంతా ద్రవంగా బుడ్డిలోకి చేరుకుని లోపల ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గిపోతుంది. అప్పుడు గొట్టం కోసి పాత మీటర్‌కి అతుకుతారు. ఈథర్‌కి ఇట్టే నిప్పంటుకుంటుంది కాబట్టి మంట దగ్గర పనికిరాదు. బాగా గాలి ఆడే చోట కరెంటు సోల్డరింగ్ ఐరన్‌తో, అదీ చేయి తిరిగినవాళ్లే చేయాల్సిన పని ఇది.

ఆ బాధ లేని దారి కరెంటు చూపించింది. 1833లో మైకేల్ ఫారడే సిల్వర్ సల్ఫైడ్ మీద ప్రయోగాలు చేస్తూ ఒక వింత గమనించాడు. మామూలు లోహాలు వేడెక్కితే కరెంటుని ఎక్కువగా అడ్డుకుంటాయి. ఇది తక్కువగా అడ్డుకుంది. ఆ గుణానికి పని దొరకడానికి దాదాపు నూరేళ్లు పట్టింది. 1930లో అమెరికాలో శామ్యూల్ రూబెన్ ఆ సూత్రంతో వాడకానికి పనికొచ్చే థర్మిస్టర్ తయారుచేశాడు. ఇవాళ ఆటోనగర్ దుకాణాల్లో దొరికే ఇత్తడి సెన్సార్ లోపల ఉన్నది అలాంటి థర్మిస్టర్ బిళ్లే. నీరు వేడెక్కితే దాని నిరోధం పడిపోతుంది, కరెంటు ఎక్కువ పోతుంది, ముల్లు పైకి లేస్తుంది.

1960ల నాటి చాలా బ్రిటిష్ నమూనాల్లో ఆ ముల్లు తిరిగే తీరు కూడా తమాషాగా ఉంటుంది. డయల్ వెనక రెండు లోహాలు అతికించిన పట్టీ, దాని చుట్టూ సన్నని తీగ. సెన్సార్ వదిలిన కరెంటు ఆ తీగని వేడెక్కిస్తే, రెండు లోహాలూ రెండు రకాలుగా సాగి పట్టీ వంగుతుంది. ఇంజన్‌లో వేడిని డయల్ వెనక మళ్లీ వేడి చేసి చూపించడం అన్నమాట. పట్టీ మెల్లగా వేడెక్కుతుంది కాబట్టి గుంతల రోడ్డులో కూడా ముల్లు వణకదు. ఛార్జింగ్ హెచ్చుతగ్గులకు అంకె మారకుండా వీటికి సగటున 10 వోల్టులే అందించే చిన్న స్టెబిలైజర్ ఉంటుంది. అది పాడైతే పెట్రోలు ముల్లూ టెంపరేచర్ ముల్లూ కలిసి తప్పు చెబుతాయి. రెండూ ఒకేసారి పైకి పోతే అనుమానించాల్సింది ఇంజన్‌ని కాదు, స్టెబిలైజర్‌ని.

ఇక బిగింపు సంగతి. 1960ల్లో రూపుదిద్దుకుని, ఆసియాలోని పెద్ద ఆటోమొబైల్ కేంద్రాల్లో ఒకటిగా పేరు తెచ్చుకున్న విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ పనులదే పెద్దపీట. అయినా లేత్ మిషన్లు, రేడియేటర్ షాపులు, ఎలక్ట్రీషియన్లు పక్కపక్కనే ఉండే చోటు కాబట్టి పాత కారుకి మీటర్ పెట్టించే పని అంతా నాలుగు వీధుల్లో పూర్తవుతుంది. అంబాసిడర్‌నే తీసుకుందాం. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివరి నుంచి 2014 వరకు తయారుచేసిన ఆ కారుకి చాలా ఏళ్లు గుండెకాయగా ఉన్నది 1489 సీసీ బి-సిరీస్ పెట్రోల్ ఇంజన్. ఇంగ్లండ్‌లో ఎంజీఏ స్పోర్ట్స్ కారుని నడిపించిన ఇంజన్ కూడా ఆ కుటుంబంలోదే.

ఆ కుటుంబపు ఇంజన్లలో మీటర్ బుడ్డికి సరైన స్థలం సిలిండర్ హెడ్ ముందు వైపు, నీటి వేడిని బట్టి తెరుచుకునే కవాటమైన థర్మోస్టాట్ గూడు కింద. హెడ్‌లో తిరిగి వేడెక్కిన నీరంతా బయటికి పోయే ద్వారం అదే. థర్మోస్టాట్ మూసుకుని ఉన్నా నీరు బుడ్డిని తాకుతూనే ఉంటుంది. థర్మోస్టాట్ దాటిన తర్వాత పెడితే అది తెరుచుకునే దాకా ముల్లు నిద్రపోతుంది. రేడియేటర్ కింది గొట్టంలో పెడితే చల్లబడిన నీటి కబురే వస్తుంది.

పాత బ్రిటిష్ ఇంజన్ల మరలు అంగుళాల లెక్క. ఇప్పటి సెన్సార్లు వేరే కొలతల్లో వస్తాయి. బలవంతంగా తిప్పితే పోత ఇనుము హెడ్‌లో మర చెడిపోతుంది. లేత్ మీద ఇత్తడితో ఒక అడాప్టర్ తిప్పించుకోవడం మేలు, ఇత్తడి తుప్పు పట్టదు. హెడ్‌లో అసలు రంధ్రమే లేని ఇంజన్లయితే పై హోస్ పైపుని కోసి, మధ్యలో సెన్సార్ బిగించిన లోహపు ముక్క పెట్టి రెండు వైపులా క్లిప్పులు వేస్తారు. ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. సెన్సార్‌కి సాధారణంగా ఒకటే వైరు. తిరుగు కరెంటు ఇంజన్ లోహం గుండా పోవాలి. రెండు వైపులా రబ్బరు ఉన్న ముక్కకి ఇంజన్‌తో లోహ సంబంధం ఉండదు. విడిగా ఎర్త్ వైరు లాగకపోతే ముల్లు లేవదు. మర చుట్టూ టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టినా ఒక్కోసారి ఇదే తంటా.

ఈథర్ రకమైతే జాగ్రత్తలు వేరు. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, బాడీ ఊగదు. ఆ రెంటి మధ్య గొట్టాన్ని బిగుతుగా లాగితే కొన్నాళ్లకి అలసి తెగుతుంది. అందుకని ఒకటి రెండు వదులు చుట్టలు వదలాలి. మిగిలిన పొడవుని కోయకూడదు, మడత పెట్టకూడదు, సైలెన్సర్ వైపు పోనీయకూడదు. డ్యాష్‌బోర్డ్ రేకు దాటే చోట రబ్బరు వాషర్ తప్పదు. కరెంటు రకమైతే బ్యాటరీలో ఏ కొస బాడీకి కలిపారో ముందు చూసుకోవాలి. పాత బ్రిటిష్ నమూనాల్లో చాలావాటికి పాజిటివ్ ఎర్త్. వేడి పట్టీ మీటర్లకి దానితో పేచీ లేదు. ఎలక్ట్రానిక్స్ ఉన్న కొత్త మీటర్లు మాత్రం కాలిపోతాయి.

బిగించే ముందు చేయాల్సిన పరీక్షకి ఒక గిన్నె, స్టవ్ చాలు. మరిగే నీటిలో బుడ్డి ముంచితే ముల్లు 100 దగ్గర, ఫారెన్‌హీట్ డయలైతే 212 దగ్గర ఆగాలి. డెల్టా దాదాపు సముద్రమట్టంలోనే ఉంది కాబట్టి ఈ లెక్క ఇక్కడ చక్కగా కుదురుతుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో ఇదే పరీక్ష చేస్తే నీరు 97 దగ్గరే మరిగిపోతుంది. మంచి మీటర్ కూడా మూడు డిగ్రీలు తక్కువ చూపినట్టు కనిపిస్తుంది.

బిగించాక ముల్లుని చదవడం నేర్చుకోవాలి. థర్మోస్టాట్ సాధారణంగా 82 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకుంటుంది. అక్కడికి చేరి నిలబడే ముల్లు ఆరోగ్యానికి గుర్తు. వేడి ప్రాంతాల్లో బండి కాగిపోతుందని థర్మోస్టాట్‌నే పీకేసే అలవాటు ఒకటుంది. అలాంటి బండి డిసెంబరు రాత్రి కాల్వ పక్కన పోతుంటే ముల్లు 60 దాటకపోవచ్చు. చల్లగా ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ చల్లని ఇంజన్‌లో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాక సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, రింగులు త్వరగా అరుగుతాయి.

ముల్లు మామూలుగానే ఉండి బండి దగ్గి ఆగిపోతే అది వేరే జబ్బు. ఎండకి పెట్రోలు పంపులోనో పైపులోనో ఆవిరై అడ్డుపడుతుంది. పాత అంబాసిడర్ డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ కప్పేది అందుకే. మీటర్ లేని రోజుల్లో రెండు జబ్బులకీ ఒకే వైద్యం జరిగేది, బొనెట్ ఎత్తి రేడియేటర్‌లో నీళ్లు పోయడం. ఆ నీళ్లూ ఏవి దొరికితే అవే. కాల్వ నీటిలో ఒండ్రు, బోరు నీటిలో సున్నపు లవణాలు, బందరు వైపు పోయేకొద్దీ ఉప్పు. వేసవిలో సాధారణంగా కాల్వలు కట్టేస్తారు కాబట్టి, ఎక్కువ అవసరమైన నెలల్లో బోరు నీరే గతి. వేడెక్కిన నీటిలోంచి లవణాలు హెడ్ గోడల మీద పేరుకుంటాయి. ఆ పొర ఇనుము కంటే పదుల రెట్లు తక్కువగా వేడిని దాటనిస్తుంది. అప్పుడు ఇనుము మండుతున్నా నీటికి ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది, ముల్లుకి ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైన అబద్ధాన్ని ముల్లు నీళ్లు లేనప్పుడు చెబుతుంది. హోస్ పగిలి నీరంతా కారిపోతే బుడ్డి చుట్టూ మిగిలేది గాలి. గాలి వేడిని నీటిలా అందించదు. అలాంటప్పుడు కొన్ని బండ్లలో ముల్లు పైకి పోవాల్సింది పోయి కిందికి జారుతుంది. నడుస్తున్న ఇంజన్ మీద ముల్లు ఉన్నట్టుండి పడిపోతే సంతోషించకుండా వెంటనే బండి ఆపాలి. ఆపగానే మూత తిప్పకూడదన్నది రెండో జాగ్రత్త. 7 పౌండ్ల ఒత్తిడి పట్టే మూత ఉన్న రేడియేటర్‌లో నీరు సుమారు 111 డిగ్రీల దాకా మరగదు. ముల్లు 105 దగ్గర ఉన్నా లోపల నీరు ప్రశాంతంగానే ఉండవచ్చు. మూత వదులు చేసిన క్షణం ఒత్తిడి పోయి మొత్తం ఒక్కసారి మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

కొత్త కార్లలో ఈ ముల్లు పాత్ర కుదించుకుపోయింది. చాలా మోడళ్లలో నీరు 80 దగ్గరున్నా 100 దగ్గరున్నా అది మధ్యలోనే నిలబడేట్టు కంపెనీలే అమర్చాయి, చిన్న కదలికకే యజమానులు కంగారుపడి సర్వీసు సెంటర్‌కి పరుగెత్తకుండా. మరికొన్నింటిలో మీటరే లేదు, చల్లగా ఉంటే నీలం దీపం, కాగితే ఎర్ర దీపం. పాత కారు యజమానికి దొరికే నిజమైన ముల్లు కొత్త కారు కొన్నవాళ్లకి లేదు.

అతనికి ఇప్పుడు ఇంకో సాధనం కూడా అందుబాటులో ఉంది. తాకకుండా వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్. ముల్లు పైపైకి పోతున్న బండిలో రేడియేటర్ పై ట్యాంకునీ కింది ట్యాంకునీ దానితో విడివిడిగా కొలిస్తే ఇంజన్ కాగడానికి కారణం చాలావరకు తేలుతుంది. రెంటికీ తేడా బాగా ఎక్కువుంటే నీరు నెమ్మదిగా పారుతోందని, అంటే గొట్టాల్లో ఒండ్రో పొరో అడ్డుపడిందని లేదా పంపు బలహీనపడిందని అర్థం. తేడా మరీ తక్కువుంటే నీరు బాగానే తిరుగుతోంది, గాలే తగలడం లేదు. ఫ్యాన్ బెల్టు జారుతుండవచ్చు, రేడియేటర్ రెక్కల మధ్య పురుగులూ దుమ్మూ నిండి ఉండవచ్చు. మొదటి రకానికి రేడియేటర్ ట్యాంకు ఊడదీసి గొట్టాలు శుభ్రం చేయించాలి. రెండో రకానికి బెల్టు బిగించి, ఇంజన్ వైపు నుంచి ముందుకి నీళ్లు కొట్టి రెక్కలు కడిగితే సరిపోతుంది, రేడియేటర్ షాపు ఖర్చు మిగులుతుంది.